కత్తి బదులు రింగు: ఆఫ్రికా సున్తీ కార్యక్రమాల్లో పరికరాలకే పెద్దపీట వేయాలా?

కృష్ణాతీరం:
కెన్యా, ఉగాండా, జాంబియా, జింబాబ్వే వంటి దేశాల్లో హెచ్‌ఐవీ నివారణ కోసం పెద్దవయసు మగవారికి ప్రభుత్వ కార్యక్రమాల్లో ఉచితంగా సున్తీ చేస్తున్నారు. ఆరెంజ్ ఫార్మ్ (దక్షిణాఫ్రికా), కిసుము (కెన్యా), రకాయ్ (ఉగాండా)లలో జరిగిన మూడు పరీక్షల్లో, స్త్రీల నుంచి పురుషులకు వైరస్ సోకే ముప్పు సగానికి పైగా తగ్గిందని తేలింది. దాంతో 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సున్తీని సిఫారసు చేసింది. 2019 ముగిసేనాటికి దాదాపు 2.7 కోట్ల మంది చేయించుకున్నారు.

ఇంతమందికి ఆపరేషన్ చేసే చేతులు ఎక్కడివి? అందుకే అంగం ముందు చర్మాన్ని బిగించి పట్టే రింగులు వచ్చాయి. ఇజ్రాయెల్ కంపెనీ తయారుచేసిన ప్రీపెక్స్ రింగుకు 2013లో, చైనాలో తయారయ్యే షాంగ్‌రింగ్‌కు 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. కుట్లు లేవు, నర్సు చేయగలదు, తొడగడం కొద్ది నిమిషాల పని. అయినా ఎక్కువ సున్తీలు ఇప్పటికీ ఆపరేషన్‌తోనే జరుగుతున్నాయి. ఇది వైద్యుల పట్టుదల తప్ప మరొకటి కాదని నేను అనుకుంటున్నాను. మీరేమంటారు?

తెల్లకోటు:
పట్టుదల కాదండీ, భయం. ఆ భయానికి కారణాలున్నాయి.

మీరు చెప్పిన మూడు పరీక్షల్లోనూ చేసింది ఆపరేషనే. రింగుతో చేసిన సున్తీ హెచ్‌ఐవీని అంతే అడ్డుకుంటుందని విడిగా పరీక్షించి తేల్చలేదు. చర్మం పూర్తిగా పోయి, గాయం మానితే ఫలితం ఒకటే అయి ఉండాలన్న అంచనా మీద నడుస్తున్నాం. ఆ అంచనాతో నాకు పేచీ లేదు. గాయం ఎలా మానుతుందన్న దగ్గరే పేచీ.

ప్రీపెక్స్ పనితీరు చూడండి. అంగం ముందు చర్మం కింద ఒక గట్టి రింగు, పైన బిగుతైన ఎలాస్టిక్ రింగు పెడతారు. రక్తం ఆగిపోయి, ఏడు రోజుల్లో ఆ చర్మం నల్లబడి చచ్చిపోతుంది. అప్పుడు కత్తిరించి తీస్తారు. అంటే వారం పాటు మనిషి ఒంటి మీద చచ్చిన కండ వేలాడుతూ ఉంటుంది. గాలి ఆడని అలాంటి కండే ధనుర్వాతం సూక్ష్మజీవికి అనువైన చోటు. ఆఫ్రికాలో ధనుర్వాతం టీకాలు ఎక్కువగా పసిపిల్లలకు, గర్భిణులకు వేస్తారు. పెద్దవయసు మగవారిలో చాలామందికి రక్షణ ఉండదు. సున్తీ తర్వాత ధనుర్వాతం వచ్చి కొందరు చనిపోయారు. ఆపరేషన్ చేయించుకున్నవారిలోనూ ఆ కేసులు ఉన్నాయి, నిజమే. కానీ ఎలాస్టిక్ రింగులతో ముప్పు ఎక్కువని తేలి, ముందుగా రెండు డోసుల టీకా వేయకుండా దాన్ని తొడగకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పాల్సి వచ్చింది. రెండో డోసుకూ రింగుకూ మధ్య కనీసం రెండు వారాలు ఉండాలి. కొద్ది నిమిషాల పని ఎక్కడికి పోయింది?

ఇంకొకటి. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్‌లో 2010 నుంచి తారా క్లాంప్ అనే ప్లాస్టిక్ బిగింపును వాడారు. ఆరెంజ్ ఫార్మ్‌లోనే దాని మీద జరిగిన చిన్న పరీక్షలో 37 శాతం మందికి ఇబ్బందులు వచ్చాయి, ఆపరేషన్ చేయించుకున్నవారిలో 3 శాతం మందికే. ఆ ఫలితం 2009లోనే అచ్చయింది. హెచ్‌ఐవీ బాధితుల తరఫున పోరాడేవారు ఎంత మొత్తుకున్నా ప్రభుత్వం వినలేదు. పరికరం ఉంటే చాలు, పని అయిపోతుందన్న తొందర ఎటు తీసుకెళ్తుందో ఇంతకంటే రుజువు కావాలా?

లుసాకా నుంచి:
డాక్టరు గారూ, మీ మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ అన్ని రింగులనూ ఒకే గాటన కట్టకండి. నేను జాంబియాలో నర్సుగా పనిచేస్తున్నాను. షాంగ్‌రింగ్ తొడగడం, తీయడం నా పనిలో భాగం.

షాంగ్‌రింగ్‌లో చర్మం ఒంటి మీద కుళ్ళదు. కొలత పట్టీ చుట్టి సైజు చూస్తాం. మత్తు ఇచ్చి, లోపలి రింగుకూ బయటి రింగుకూ మధ్య చర్మాన్ని బిగించి, అదనంగా ఉన్నదాన్ని అప్పటికప్పుడే కోసేస్తాం. కుట్లు లేవు, నెత్తురు చాలా తక్కువ. ఏడో రోజున బయటి రింగును విప్పి, లోపలి రింగును రెండు చోట్ల కత్తిరించి తీస్తాం. ఆ కత్తిరించేటప్పుడు పక్కు పట్టిన చర్మం రింగును అంటిపెట్టుకుని ఉంటుంది. దాన్ని కాస్త తడిపి, మెల్లగా, అతని ముఖం చూస్తూ విడదీయాలి. మత్తు ఉండదు. పిడికిళ్ళు బిగించుకుని పైకప్పు వైపు చూస్తూ పడుకున్న కుర్రవాడికి, తొడిగిన రోజున తొందరగా అయిపోయిందన్న సంగతి గుర్తుండదు.

అందుకే నేను పరికరాలకు అనుకూలమే అయినా, కృష్ణాతీరం గారు చెప్పిన కారణానికి కాదు. మత్తు సూది, కుట్లు అంటే హడలిపోయే మగవాళ్ళు షాంగ్‌రింగ్ అనగానే వస్తారు. దానికి మత్తు క్రీము చాలన్న పద్ధతి కూడా వచ్చింది. కానీ తొడిగాక ఏడు రోజులూ అతను ఆ రింగుతోనే నడవాలి, పడుకోవాలి, బస్తాలు మోయాలి. రాత్రిళ్ళు అంగం గట్టిపడినప్పుడు నొప్పి పుడుతుంది. ఈ సంగతి ముందే చెప్పని నర్సు అతనికి అన్యాయం చేసినట్టే.

లెక్కల మాస్టారు:
ఇక్కడ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. నిమిషాలు ఎవరివి లెక్కపెడుతున్నారు? బల్ల మీది నిమిషాలు కార్యక్రమం మిగుల్చుకునేవి. చేయించుకునేవాడి లెక్కలో ఏడు రోజుల రింగు, తీయించుకోవడానికి మళ్ళీ ప్రయాణం, కూలి పోయిన రోజులు, గాయం మానేదాకా ఆరు వారాల సంయమనం ఉన్నాయి. ప్రీపెక్స్‌తో గాయం మానడానికి ఆపరేషన్ కంటే ఎక్కువ రోజులు పట్టింది. మానకముందే భార్య దగ్గరకు వెళ్ళే మగవాడికి హెచ్‌ఐవీ ఉంటే ఆమెకు ముప్పు పెరుగుతుంది. ఆమె ఈ లెక్కలో ఎక్కడా కనిపించదు.

చేతులు చాలవన్న మాట కూడా సగమే నిజం. కెన్యాలో నర్సులు, క్లినికల్ ఆఫీసర్లు (డాక్టర్లు కాకపోయినా వైద్యం చేసే శిక్షణ పొందినవారు) ఎంతోకాలంగా ఆపరేషన్ కూడా చేస్తున్నారు. సిద్ధం చేసిన సామగ్రి, పక్కపక్కనే అనేక బల్లలు, పని పంచుకునే పద్ధతి పెట్టుకుంటే రోజుకు ఎన్నో చేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

కృష్ణాతీరం:
మాస్టారూ, భార్య సంగతి నేను ఆలోచించలేదన్నది నిజం కాదు, ఆమె కోసమే ఎక్కువ మంది రావాలంటున్నాను. కత్తి భయంతో రాని మగవాడు ఆమెకు చేసే మేలేమిటి? అసలు సున్తీ ఆచారమే లేని కెన్యా లువో ప్రజల్లో 2008 నుంచి అంతమంది ముందుకొచ్చారు. పెద్దలు, నాయకులు మాట్లాడితేనే అది సాధ్యమైంది. అలా కూడగట్టిన నమ్మకం నిలవాలంటే, వచ్చినవాడికి రెండు మార్గాలూ చూపాలి. ఒక్క కత్తే చూపిస్తే ఎలా?

ఒకరు నాకు విడిగా సందేశం పంపి, మన ఆంధ్ర, తెలంగాణల్లో ఇది ఎందుకు లేదని అడిగారు. సిఫారసు చేసింది, వైరస్ సాధారణ జనంలోకి విస్తృతంగా పాకి, సున్తీ తక్కువగా ఉన్న ప్రాంతాలకు. మన దగ్గర ముప్పు కొన్ని వర్గాల్లోనే ఎక్కువ. వారిమధ్య కండోమ్ ప్రచారం, పరీక్షలు, మందుల మీదే పని సాగింది.

తెల్లకోటు:
రెండు మార్గాలు చూపాలన్న మాట నాకూ ఇష్టమే. కానీ రింగు పెట్టిన ప్రతిచోటా ఆపరేషన్ చేయగలిగినవారు అందుబాటులో ఉండాలి. రింగు జారితే, లేదా అతనే నొప్పి భరించలేక లాగేసుకుంటే, కొద్ది గంటల్లో ఆపరేషన్ చేసి సరిచేయాలి. ముందు చర్మం వెనక్కి రానివారికి, అంటుకుపోయినవారికి రింగు చాలాసార్లు పనికిరాదు. ఆపరేషన్ నైపుణ్యం లేని ఊళ్ళకు రింగులు పంపడమంటే, ఏ ఊళ్ళ కోసం రింగు తయారైందో అక్కడే ప్రమాదం పెట్టడం. దీనికి జవాబు చెప్పండి.

లుసాకా నుంచి:
జవాబు ఉంది, కానీ డబ్బు ఖర్చవుతుంది. అన్ని సైజులూ నిల్వ ఉండాలి. సరైన సైజు అయిపోయిందని పక్క సైజు తొడిగితే ఇబ్బందులు వస్తాయి. నాలుగో రోజున నర్సు ఫోను చేయాలి. ఏడో రోజున రానివాడి ఇంటికి మనిషి వెళ్ళాలి. రాత్రిపూట ఫోను ఎత్తేవారు ఉండాలి, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి ఉండాలి. రింగుల కొనుగోలుకు నిధులు అడిగే కాగితం మీదే ఇవన్నీ రాయాలి. రింగు ధర ఒక్కటే రాసి పంపిన జిల్లాకు రింగులు ఇవ్వవద్దని నేను మా సమావేశంలో గట్టిగా చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను.

లెక్కల మాస్టారు:
ఆ షరతు మీద అయితే నేనూ మీతోనే, అమ్మా. ఇంకొక్కటి కలపండి. ఎంతమందికి తొడిగారన్నది కాదు, గాయం మానినట్టు ఎంతమందిని చూశారన్నదే జిల్లా లెక్కల్లో రాయించండి.