బల్లార్షాలో 2012 నాటి ఏసీ మార్చాలి: ఒకటిన్నర టన్నా, రెండా? గోడలోని పాత పైపు ఉంచొచ్చా?

పేపర్‌మిల్లు గల్లీ:
పై అంతస్తు గది. 12 బై 14 అడుగులు, ఎత్తు 10. పైన ఉత్త స్లాబు. పడమటి గోడ 9 అంగుళాల ఇటుక, కిటికీ కూడా ఆ దిక్కే. ఏసీ 2012ది, ఒకటిన్నర టన్ను స్ప్లిట్, ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగం తగ్గించి పెంచే రకం) కాదు, గ్యాస్ ఆర్-22. అవుట్‌డోర్ పడమటి గోడకే సజ్జ కింద ఉంది. పైపు మొత్తం 7 మీటర్లు, అందులో 4 మీటర్లు గోడ లోపల.

ఏప్రిల్ సగం దాటిందంటే మధ్యాహ్నం 2 నుంచి 5 మధ్యల కంప్రెసర్ ఆగిపోతది, అరగంటకు మళ్లీ వస్తది. రాత్రి ఆగకుండ నడుస్తది గాని 10 దాటేదాక గది చల్లబడదు. సాయంత్రం ఏసీ ప్లగ్గు దగ్గర వోల్టేజీ 170–175. రెండేండ్లకోసారి గ్యాస్ నింపుడు తప్పుతలేదు. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి నాలుగు నెలలు వాడకం.

రిపేరుకు పనికొస్తదా, మార్చుడేనా? మారిస్తే ఎన్ని టన్నులు, త్రీ స్టారా ఫైవ్ స్టారా? గోడలోని పైపు పనికొస్తదా?

గేజ్ మీటర్, చాందా:
అన్నా, కొనే ముందు ఒక్క గంట పరీక్ష చేయించు. దుకాణంల ఈ మాట చెప్పరు.

మధ్యాహ్నం ఆగి అరగంటకు వచ్చుడంటే కంప్రెసర్ మీది ఓవర్‌లోడ్ స్విచ్చి వేడికి తెగి, చల్లారినంక కలుస్తుంది. కంప్రెసర్ పోయిందని దానర్థం కాదు. అంత వేడి ఎందుకైతుందో చూడాలె.

మన దగ్గర మొదటి అనుమానం బొగ్గు పొడి మీదనే. అవుట్‌డోర్ వెనక రేకుల మధ్య టార్చి కొట్టి చూడు, వెలుతురు అవతలికి రాకపోతే కండెన్సర్ (వేడిని బయటికి వదిలే రేకుల కాయిల్) మూసుకపోయినట్టే. కడిగేటప్పుడు కరెంటు తీసి, పై మూత విప్పి, వైర్ల పెట్టెకు పాలిథిన్ చుట్టి, లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టాలె. బయటి నుంచి కొడితే పొడి ఇంకా లోపలికి దిగి బురదలెక్క గట్టిపడతది. బండ్లు కడిగే ప్రెషర్ మిషన్ వద్దు, రేకులు వంగుతయి.

తర్వాత కెపాసిటర్, అంటే మోటారు మొదలయ్యేందుకు ఊతమిచ్చే చిన్న డబ్బా. డబ్బా మీద ఎన్ని మైక్రోఫారడ్‌లు రాసి ఉందో చూసి, ఛార్జి దించినంక మీటరుతో కొలవాలె. రాసినదానికంటె పది శాతం తగ్గితే మార్చుడే. కెపాసిటర్ బలహీనమైతే కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు గుంజుకుంటది, కరెంటు ఎక్కువ తీసుకుంటది. దానికి తోడు 170 వోల్టులంటే గోరుచుట్టు మీద రోకటిపోటే.

మూడోది గ్యాస్. ఏసీల గ్యాస్ ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే కారుతున్నట్టే. తక్కువైతే కంప్రెసర్‌కు తిరిగొచ్చే చల్లటి ఆవిరి తగ్గి మోటారు ఇంకా కాగుతది. ఏసీ 20 నిమిషాలు నడిచినంక ఇండోర్ పైన గాలి పీల్చుకునే చోట, కింద వదిలే చోట థర్మామీటర్ పెట్టు. 10–12 డిగ్రీల తేడా ఉండాలె. ఎనిమిదికి తక్కువైతే గ్యాస్ కారిందని అనుమానించాలె.

లీకు ఫ్లేర్ నట్టు (పైపు విప్పారిన మూతిని మిషన్‌కు బిగించే నట్టు) దగ్గరైతే చిన్న పని. ఇండోర్ కాయిల్‌లనో గోడలోని పైపులనో అయితే ఈ మిషన్ మీద ఇంక పైసలు పెట్టకు. మన దేశంల కొత్త మిషన్ల తయారీకి ఆర్-22 వాడకం 2025 జనవరి 1 నుంచి బంద్, 2030 నాటికి పూర్తిగ తీసేయాలని లెక్క. పాతవాటికి నింపేటందుకు ఇప్పటికైతే దొరుకుతది. అట్లని ఆర్-22 మిషన్‌ల కొత్త ఏసీలల్ల వాడే ఆర్-32 గ్యాస్ పోస్తనని ఎవడన్నా అంటే ఇంట్లకు రానీయకు. దాని ప్రెషర్ సుమారు ఒకటిన్నర రెట్లకు పైనే, దానికి పడే ఆయిల్ కూడా వేరు.

గేజ్ మీటర్, చాందా:
స్టార్ల సంగతి రాయలేదు. స్టార్లు ఇచ్చే ఐసీర్ (ఏడాది చల్లదనాన్ని తిన్న కరెంటుతో భాగించే) లెక్కల బయటి ఉష్ణోగ్రత 24 నుంచి 43 దాకనే ఉంటది, ఏడాదికి 1600 గంటల వాడకం. టన్నుల కొలత 35 డిగ్రీల దగ్గర తీస్తరు. మన మే నెల 46, 47 ఆ కాగితంల లేనే లేదు. బయట 46 ఉన్నప్పుడు ఒకటిన్నర టన్ను మిషన్ ఒకటిన్నర టన్ను ఇయ్యదు, మామూలు మిషన్లు 10–20 శాతం తగ్గుతయి.

అందుకే బ్రోచర్‌ల రెండు అంకెలు చూడు. ఒకటి, 43 లేదా 46 డిగ్రీల దగ్గర ఎన్ని వాట్ల చల్లదనం. రెండోది, ఎంత వేడి దాక నడుస్తది. ఎడారి దేశాలకు పోయే మిషన్లను టీ-3 తరగతి అంటరు. వాటిని 46 దగ్గర కొలుస్తరు, 52 దాక నడవాలె. మనకు సంవత్సరమంతా అవసరం లేదు గాని ఆ రెండు నెలలకు అసొంటిదే కావాలె. అంకెలు దొరకకుంటే అవుట్‌డోర్ బరువు పోల్చు. ఒకే టన్ను, ఒకే స్టార్ల రెండు మిషన్లల నాలుగైదు కిలోలు బరువున్నదాంట్ల కండెన్సర్ పెద్దగ ఉండే అవకాశం ఎక్కువ.

ఇంక త్రీనా ఫైవా. ఒకటిన్నర టన్నుకు 2025 దాకటి లేబుళ్ల మీద ఏడాది యూనిట్లు ఫైవ్ స్టార్‌కు 750–800, త్రీ స్టార్‌కు వెయ్యి అటు ఇటు ఉండేవి. తేడా 220 అనుకో. నీ వాడకం రోజుకు 8 గంటలు, 120 రోజులు, అంటే 960 గంటలు. 220ని 960తో గుణించి 1600తో భాగిస్తే 132 యూనిట్లు. మన ఎండకు ఇంకొంచెం ఎక్కువే పడతది. మహావితరణ్ (మన మహారాష్ట్ర కరెంటు సంస్థ) బిల్లుల శ్లాబులు 100, 300, 500 దగ్గర మారుతయి గదా, మిగిలే యూనిట్లు పై శ్లాబువే. ధరల తేడాను ఆ రూపాయలతో భాగించి చూసుకో. ఎనిమిదేండ్లు దాటుతుందంటే వేడికి తట్టుకునే త్రీ స్టార్ చాలు.

బరంపురం బాబు:
మా వైపు ఏసీ పాడయ్యేది ఎక్కువగా కాయిల్ తుప్పుతోనండి. గోపాలపూర్ సముద్రపు గాలికి పూత లేని రేకులు నాలుగేళ్లకే పొడిపొడి అయిపోతాయి. పూత ఉన్న కాయిల్ చూసి తీసుకోండి. డ్రై మోడ్ కూడా బాగా పనికొస్తుందండి.

గేజ్ మీటర్, చాందా:
బాబు గారు, మీది ఉప్పుగాలి, మాది పొడి ఎండ. ఇక్కడ మే నెలల తీసేయడానికి గాలిల తేమ ఉంటే గదా, డ్రై మోడ్ జూలై దాక ముట్టుకునే పని లేదు. పూత మాట నిజమే, ఇక్కడా పొగగొట్టాల పక్కన ఉండేటోళ్లకు అక్కరకొస్తది.

సిరొంచ వైర్‌మెన్:
కరెంటు సంగతి ఎవరూ ముట్టలేదు. 170 వోల్టులు లైన్‌లనే ఉందా, ఇంట్ల పోతుందా అన్నది ముందు తేల్చాలె. సాయంత్రం ఏసీ బంద్ చేసి మీటర్ దగ్గర, ఏసీ ప్లగ్గు దగ్గర కొలువు. ఏసీ నడుస్తుండగ మళ్లీ రెండు చోట్లా కొలువు. మీటర్ దగ్గర 205 ఉండి ప్లగ్గు దగ్గర 172 ఉంటే తప్పు నీ వైరుదే: సన్న వైరు, లేకుంటే వదులైన జాయింటు. మీటర్ దగ్గరనే 175 ఉంటే లైన్ సమస్య, దానికి దరఖాస్తు పెట్టుకోవాలె. ఇది చూడకుండ స్టెబిలైజర్ కొంటే కాలే జాయింటు కాలుతనే ఉంటది.

కొత్తదానికి బోర్డు నుంచి వేరే లైన్ గుంజు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఎంసీబీ 'సీ' రకం, ఎంత ఆంపియర్లదో మిషన్ ప్లేట్ మీది గరిష్ఠ కరెంటు చూసి వేయాలె. ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్‌కు మామూలుగ 16 సరిపోతది. కరెంటు లీకైతే లైన్ తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్త్. ఎర్త్ అంటే న్యూట్రల్‌కు కలిపేసుడు కాదు, ఆ పని చేసేటోళ్లు ఇంకా ఉన్నరు.

ఇన్వర్టర్‌కు స్టెబిలైజర్ అక్కరలేదని రాస్తరు, ఎంత వోల్టేజీ దాక అన్నది కింద చిన్నక్షరాలల్ల ఉంటది. ఒకటి గుర్తుంచుకో: వోల్టేజీ తగ్గితే ఇన్వర్టర్ ఆగకుండ కరెంటు ఎక్కువ గుంజుకుంటది. 1800 వాట్లకు 230 దగ్గర 8 ఆంపియర్లయితే 170 దగ్గర పదిన్నర దాటుతది. ప్లగ్గులు కరిగేది అందుకే. నీ లైన్ 170 కిందికి కూడా పోతుందంటే 130–140 నుంచి ఎత్తే 4 కేవీఏ స్టెబిలైజర్ పెట్టుకో.

స్లాబు లెక్క:
టన్నుల ప్రశ్నకు జవాబు స్లాబు చెబుతుంది. గది వైశాల్యం 15.6 చదరపు మీటర్లు. ఉత్త ఆర్‌సీసీ స్లాబు చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు సుమారు 3 వాట్లు వదులుతుంది. ఎండకు కాగిన పై ముఖానికి, గది గాలికి సగటున 32 డిగ్రీల తేడా వేసుకుంటే 1500 వాట్లు. పడమటి గోడ నాలుగు, నాలుగున్నర వందలు. మనుషులు ముగ్గురు, ఫ్యాను, లైటు, కిటికీ, తలుపు సందుల గాలి అన్నీ కలిపితే ఇంకో 1500–1800. మొత్తం 3.4, 3.75 కిలోవాట్ల మధ్య. ఒకటిన్నర టన్ను అంటే 5.2 కిలోవాట్లు, 46 డిగ్రీల దగ్గర 4.4 అనుకున్నా సరిపోతుంది. రెండు టన్నులు వద్దు.

రాత్రి 10 దాకా చల్లబడకపోవడానికి ఏసీ ఒక్కటే కారణం కాదు. అయిదారు అంగుళాల స్లాబులోంచి వేడి కిందికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది. 3 గంటల ఎండ రాత్రి 7, 8కి గదిలోకి వస్తుంది. డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ రెండు కోట్లు వేస్తే మిట్టమధ్యాహ్నపు భారం మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ముందు నాచు, బొగ్గు మసి గీకి కడిగి, పూర్తిగా ఆరాకే వేయాలి. మన ఊళ్లో ఏడాదికి నల్లబడుతుంది కాబట్టి ప్రతి మార్చిలో కడగాలి, లేకపోతే వేసిన డబ్బు మసిపాలే. పడమటి కిటికీకి కర్టెన్ లోపల కాదు, బయట వెదురు తడక కట్టండి. ఎండను అద్దం దాటకముందే ఆపాలి.

కూలర్ మాట మీరు అడగలేదు గానీ చెబుతాను. 45 డిగ్రీలు, 15 శాతం తేమ ఉన్న గాలిని మంచి గడ్డి ప్యాడ్ల కూలర్ 28 దాకా దించుతుంది. జూన్ వానల దాకా పగటికి అదే చవక, కిటికీ ఒకటి తెరిచి ఉంచాలి. ఏసీ నడిచే గదిలో మాత్రం కూలర్ వేయకండి. అది నింపిన తేమను నీళ్లుగా మార్చడానికే ఏసీ సగం బలం పోతుంది.

పేపర్‌మిల్లు గల్లీ:
కండెన్సర్ కడిగిచ్చిన, కెపాసిటర్ మంచిగనే ఉంది. కానీ తేడా 6 డిగ్రీలే. ఇండోర్ కాయిల్ వంపుల దగ్గర సబ్బు నురగ బుడగలు లేస్తున్నయి. మార్చుడే ఇగ. ఫిట్టింగ్‌కు వచ్చే అబ్బాయి పాత పైపే వాడుతనంటున్నడు, వాక్యూమ్ అక్కరలేదు, గ్యాస్‌తోనే గాలి వెళ్లగొడతనంటున్నడు. సరేనా?

గేజ్ మీటర్, చాందా:
రెండూ సరికావు.

పైపు: పాతదాంట్ల మినరల్ ఆయిల్ పేరుకొని ఉంటది, ఆర్-32 మిషన్‌కు అది పడదు. కొత్త ప్రెషర్ ఎక్కువ, గోడలోపల జాయింటు ఎక్కడుందో ఎవరికీ తెల్వదు. ఫ్లష్ చేసి వాడేటోళ్లున్నరు గాని లీకుల చరిత్ర ఉన్న మిషన్ పైపు మీద ఆ సాహసం వద్దు. పాతది గోడలనే వదిలేసి, గోడ మీదనే కేసింగ్ పెట్టి కొత్త రాగి పైపు వేయించు. పావు అంగుళం, అర అంగుళం, పైపు రాగి మందం 0.8 మిల్లీమీటర్లు, రెండింటికీ విడివిడిగ ఇన్సులేషన్. పెట్టెల వచ్చిన కొత్త నట్లే వాడాలె. అర అంగుళం పైపుకు పాత నట్టు 24 మిల్లీమీటర్ల పానాది, కొత్తది 26ది. పాత నట్టు ఫ్లేర్‌ను సరిగ పట్టదు. బిగింపు టార్క్ పానాతో: పావుకు 14–18 న్యూటన్ మీటర్లు, అరకు 49–61. తక్కువైతే కారుతది, ఎక్కువైతే ఫ్లేర్ చీలుతది.

తర్వాత నైట్రోజన్ 500 పీఎస్‌ఐ దగ్గర నింపి కనీసం రెండు గంటలు ఉంచాలె. మధ్యాహ్నం నింపి రాత్రి చూస్తే గేజ్ ముల్లు దిగే ఉంటది: పది డిగ్రీలు చల్లబడితే 16 పీఎస్‌ఐ దాక ఉత్తగనే పడతది. లీకనుకొని కంగారుపడకు, అదే వేడిల మళ్లీ చూడు. ఆక్సిజన్‌తో పరీక్ష మాత్రం ఎవ్వరినీ చేయనీయకు, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతది.

వాక్యూమ్ పంపు పెట్టి పైపుల గాలి, తేమ గుంజి 500 మైక్రాన్లకు (మిగిలిన ప్రెషర్ కొలత) దించి, వాల్వు మూసి పది నిమిషాలు ఆగాలె. వెయ్యి దాటి ఎక్కుతుంటే తేమనో లీకో ఉన్నట్టు. గ్యాస్‌తో గాలి వెళ్లగొడితే కొంత గాలి, తేమ లోపలనే ఉంటయి. గాలి కండెన్సర్‌ల చిక్కి ప్రెషర్ పెంచుతది. 46 డిగ్రీల నాడు నీ కొత్త మిషన్ గూడ పాతదాని లెక్కనే మధ్యాహ్నం ఆగుతది. తేమ ఆయిల్‌తో కలిసి ఆమ్లమై కంప్రెసర్‌ను తింటది. మైక్రాన్ గేజ్ లేదంటే ఇంకొకరిని పిలువు.

7 మీటర్ల పైపుకు గ్యాస్ సరిపోతదా అన్నది ప్లేట్ మీద చూడు. 5 మీటర్ల దాకనే నింపి ఉంటే మిగిలిన 2 మీటర్లకు, మీటరుకు 20 గ్రాములని రాసి ఉంటే, 40 గ్రాములు. కాటా మీద తూచే పోయాలె, చేతి అంచనా వద్దు.

అవుట్‌డోర్ ఉత్తరం గోడకు జరపగలిగితే పైపు రెండు మీటర్లు పెరిగినా జరుపు. అక్కడనే ఉండాలంటే వెనక అడుగు ఖాళీ, ముందర మూడడుగులు తెరిపి. సజ్జ కింద వేడిగాలి తిరిగి వెనక్కి పోతుందేమో చూసుకో: కాయిల్ వెనక గాలి నీడల ఉష్ణోగ్రతకంటె అయిదు డిగ్రీలు ఎక్కువ చూపితే అదే జరుగుతున్నట్టు.

పేపర్‌మిల్లు గల్లీ:
ఉత్తరం గోడకు జాగ ఉంది, అక్కడనే పెట్టిస్త. ఆఖరిది ఒకటి: అవుట్‌డోర్ మీద నీళ్ల పైపుతో తుంపర పెడితే బలం పెరుగుతదంటున్నరు?

స్లాబు లెక్క:
పెరగడం నిజమే, కానీ మన బోరు నీళ్లతో వద్దు. ఆరిన ప్రతిసారీ రేకుల మీద తెల్ల సున్నం పొర మిగులుతుంది. ఒక్క వేసవికే గాలి దారులు సన్నబడతాయి, గీకితే రేకులు వంగుతాయి.

గేజ్ మీటర్, చాందా:
పాత మిషన్ విప్పే ముందు గ్యాస్‌ను అవుట్‌డోర్‌లకు పంప్‌డౌన్ చేయించు, పైపు కోసి గాలికి వదలనీయకు. మార్పిడి కింద దుకాణానికే ఇయ్యి, ఈ-వేస్ట్ నియమాల కింద పాత మిషన్‌కు పద్ధతి ఉంది. తుక్కోడు రాగి కోసం సుత్తెతోనే మొదలుపెడతడు.