సెప్టెంబర్ 17 టోర్నీ: జెర్సీ మీద ఆ బొమ్మ వేసుకోవాలా వద్దా?

మలక్‌పేట కీపర్:
మాది మలక్‌పేట వైపు ఒక కాలనీ క్రికెట్ టీమ్. ఆదివారాలు మ్యాచ్‌లు ఆడుకుంటాం, అంతకంటే పెద్ద పేరేం లేదు. సెప్టెంబర్ 17న, అంటే 1948లో నిజాం పాలన పోయి హైదరాబాద్ భారత్‌లో కలిసిన రోజున, ఒక టోర్నీ ఉంది, దానికి కొత్త జెర్సీలు, కిట్ బ్యాగులు, ఎంట్రీ ఫీజు అన్నీ తనే చూసుకుంటానని మా ఏరియా లీడర్ ఒకాయన ముందుకొచ్చాడు. జెర్సీ వెనక సర్దార్ పటేల్ బొమ్మ, దాని కింద విమోచన వీరులకు వందనం అని ఉండాలట, మ్యాచ్‌కి ముందు కెప్టెన్ మైకులో నాలుగు మాటలు చెప్పాలట. టీమ్‌లో సగం మందికి సంతోషమే. ముస్లిం కుర్రాళ్లు నలుగురున్నారు, మా ఓపెనింగ్ బౌలర్ వాళ్లలో ఒకడు, వాళ్లు ఔననలేదు కాదనలేదు. నాకు టెన్షన్ అంతా దాని గురించే. ఇంకొకడేమో, అమెరికాలో కాలేజీ జట్లు గట్టిగా మాట్లాడితేనే ఒక రాష్ట్రం జెండా మారింది, మనం ఎందుకు వెనకాడాలి అంటున్నాడు. అది నిజమేనా? జట్టుగా చరిత్ర మీద ఒక మాట చెప్పడం సరైనదేనా? కెప్టెన్‌ని నేనే, మైకు నా చేతికే వస్తుంది.

బర్కత్‌పుర బ్యాట్స్‌మన్:
ఆట వేరు, రాజకీయం వేరు. తలా కొంత వేసుకుని జెర్సీలు మీరే కుట్టించుకోండి. ఇవాళ ఆయన బ్యాగు పట్టుకుంటే రేపు ఎన్నికల ర్యాలీకి అదే జెర్సీలో రమ్మంటాడు, అప్పుడు కాదనలేరు.

పాత ఆఫ్‌స్పిన్నర్:
డబ్బు విషయంలో పై అన్న చెప్పింది ఒప్పుకుంటా కానీ ఆట వేరు రాజకీయం వేరు అనడం నాకు మింగుడు పడదు. మన ఎల్‌బీ స్టేడియం పాత పేరు ఫతే మైదాన్. 1687లో గోల్కొండను ముట్టడించిన ఔరంగజేబు సైన్యం గుడారాలు వేసుకున్న చోటు, గెలిచాక వచ్చిన పేరు అది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. చరిత్ర అంటని గ్రౌండ్ ఈ ఊళ్లో వెతికినా దొరకదు.

అమెరికా సంగతి నిజమే, మీవాడు సగమే చెప్పాడు. అది మిసిసిపీ రాష్ట్రం. అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని కాపాడుకోవడానికి పోరాడిన దక్షిణాది సైన్యం గుర్తు 1894 నుంచి ఆ రాష్ట్ర జెండాలో ఒక మూల ఉండేది. 2001లో జనాన్ని ఓటు అడిగితే దాదాపు మూడింట రెండొంతుల మంది ఉండనివ్వమన్నారు. 2020 జూన్‌లో, జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసుల చేతిలో చనిపోయిన కొద్ది వారాలకి, ఎస్‌ఈసీ అనే కాలేజీ ఆటల సమాఖ్య ఆ జెండా మారకపోతే అక్కడ ఛాంపియన్‌షిప్పులు పెట్టే విషయం ఆలోచిస్తామంది. మర్నాడే దేశమంతటి కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ కూడా కఠినంగా నిర్ణయం తీసుకుంది. అయితే మనసుకు తగిలేలా చెప్పింది కైలిన్ హిల్. మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తేవాడు, నల్లజాతి కుర్రాడు, ఆ రాష్ట్రంలోనే పుట్టినవాడు. జెండా అన్నా మార్చండి, లేదంటే ఈ రాష్ట్రం తరఫున నేనిక నిలబడను, విసిగిపోయాను అని జూన్ 22న ట్వీట్ పెట్టాడు. 25న రాష్ట్రంలోని యూనివర్సిటీల కోచ్‌లు శాసనసభ భవనానికి వెళ్లి అడిగారు, 28న సభ ఓటేసింది, 30న గవర్నర్ సంతకం పెట్టేశాడు. నూటపాతికేళ్లు కదలనిది ఒక్క నెలలో కదిలింది.

తమ్ముడూ, ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆటగాళ్లు, కోచ్‌లలో మొదట తెగించింది ఆ జెండా కింద పరుగెత్తాల్సి వచ్చినవాడు, తన సీజన్‌ని, తన భవిష్యత్తుని పణంగా పెట్టాడు. కోచ్‌లు ఆ తర్వాత వెళ్లారు. మీ దగ్గర డబ్బిచ్చేవాడు మాట రాసిస్తున్నాడు, ఆ చొక్కా తొడుక్కోవాల్సినవాడు నోరు మెదపడం లేదు. ఈ రెండూ ఒకటి కావు.

ఇంకోటి కూడా. అదే రాష్ట్రంలో ఓల్ మిస్ అనే యూనివర్సిటీ ఉంది, ఒకప్పుడు స్టేడియం నిండా అభిమానులు అవే యుద్ధ జెండాలు ఊపేవాళ్లు. నల్లజాతి ఆటగాళ్లు మా దగ్గరికి రావడానికి వెనకాడుతున్నారు, దయచేసి ఊపకండి అని అప్పటి కోచ్ టామీ ట్యూబర్‌విల్ అడిగాడు. 1997లో యూనివర్సిటీ వాళ్లు జెండా జోలికి పోకుండా స్టేడియంలోకి కర్రలు తేకూడదని రూల్ పెట్టారు. కర్ర లేకపోతే జెండా ఎగరదు కదా. నాకు అది చాలా నచ్చిన పని, ఎందుకంటే ఎవరి మీదా ఏదీ రుద్దలేదు, గ్రౌండ్‌లో ఉన్న తమ పిల్లల్ని మాత్రం కాపాడుకున్నారు.

సిద్దిపేట నుంచి ఉప్పల్ దాకా:
అన్నా, మీరు రాసిందంతా చదివాను కానీ ఒక్క మాట మాకోసం కూడా వినండి. మా తాతది భైరాన్‌పల్లి పక్క ఊరు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మీద పడి బురుజు దగ్గర జనాన్ని వరసబెట్టి కాల్చేశారు. ఆ బురుజు ఇప్పటికీ ఉంది. మా ఇంట్లో ఆ రోజు గురించి మాట్లాడితే మా నాన్న లేచి బయటికి వెళ్లిపోతాడు. మూడు వారాలకి భారత సైన్యం వచ్చింది, మావాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజు గురించి నా జట్టు ఒక మాట చెబితే నాకు గర్వంగానే ఉంటుంది, అది ఏ పార్టీ వాడిదో నాకు అక్కర్లేదు. ఎవరూ నొచ్చుకోకూడదని చెప్పి మేం మాత్రం ఎప్పుడూ గొంతు తగ్గించుకోవాలా? గుర్తులు ఒకరి సొత్తుగా ఉండిపోవాలని కూడా లేదు. దక్షిణాఫ్రికా రగ్బీ జెర్సీ మీది స్ప్రింగ్‌బాక్ జింక బొమ్మ తెల్లవాళ్ల పెత్తనానికి గుర్తని సొంత పార్టీలోనే చాలామంది తీసేయమంటుంటే, మండేలా 1995 జూన్ 24న జొహానెస్‌బర్గ్‌లో రగ్బీ ప్రపంచకప్ ఫైనల్‌కి అదే జెర్సీ, అదీ కెప్టెన్ పినార్ నంబరు 6, తొడుక్కుని వచ్చాడు. అలా కలుపుకోవచ్చు. కావాలంటే షోయబుల్లాఖాన్ పేరు కూడా చెప్పండి, భారత్‌లో కలవాలని ఇమ్రోజ్ పత్రికలో రాసినందుకు రజాకార్లు ఆయన్ని చంపేశారు.

టోలీచౌకి:
మీ నాన్నగారి గురించి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. భైరాన్‌పల్లి కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దామంటే మొదట లేచి నిలబడేది నేనే అవుతాను, నిజంగా. మా నానమ్మ వాళ్లది బీదర్ దగ్గర పల్లె. ఆ సెప్టెంబర్ తర్వాత కొన్ని వారాల్లో బీదర్, ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్‌లలో రజాకార్లతో ఏ సంబంధం లేని ముస్లిం కుటుంబాల మీద ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే సుందర్‌లాల్ కమిటీని పంపింది. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. మా ఇంట్లోనూ లేచి బయటికి వెళ్లిపోయేవాళ్లున్నారు.

అందుకే ఆ కుర్రాళ్లు ఔననలేరు, కాదనలేరు. కాదంటే రజాకార్ల వైపా అని అడుగుతారేమోనని భయం, ఔనంటే ఇంటికెళ్లి ఆ చొక్కా విప్పేటప్పుడు పెద్దవాళ్ల ముఖం చూడలేరు. ఇక షోయబుల్లాఖాన్ గారి మీద నాకు ఎంతో గౌరవం, ఆయన పేరు ఈ ఊళ్లో ఇంకా గట్టిగా వినిపించాలి. కానీ ఆ పేరు మావాళ్ల నోటితోనే చెప్పించాలని చూడకండి, ప్రతిసారీ రుజువు చూపించమన్నట్టు ఉంటుంది. మండేలా ఆ జెర్సీని తనంతట తనే తొడుక్కున్నాడు, ఎవరూ తెచ్చి చేతిలో పెట్టి వేసుకోమనలేదు.

2021లో దుబాయ్‌లో దక్షిణాఫ్రికా క్రికెటర్ డికాక్ సంగతి గుర్తుందా? వర్ణవివక్షకు వ్యతిరేకంగా అందరూ మోకాలి మీద కూర్చోవాలని మ్యాచ్ రోజు పొద్దున వాళ్ల బోర్డు ఆర్డరేసింది, అతను వెస్టిండీస్‌తో ఆడకుండా తప్పుకున్నాడు. రెండు రోజులకి క్షమాపణ చెబుతూ, తనది నల్లజాతివాళ్లు కూడా ఉన్న కుటుంబమని, బలవంతంగా చేయించడమే బాధించిందని అన్నాడు, ఆ తర్వాత మోకాలి మీద కూర్చున్నాడు కూడా. మంచి మాటే, అయినా మ్యాచ్ పొద్దున ఆర్డరుగా వచ్చేసరికి జట్టు చీలింది. కీపర్ భాయ్, మీటింగ్ పెట్టి అందరి ముందూ అడగకండి, ఒక్కొక్కరితో విడిగా కూర్చోండి.

మలక్‌పేట కీపర్:
నిన్న ప్రాక్టీస్ అయ్యాక మా బౌలర్‌తో చాయ్ తాగుతూ అడిగాను. చాలాసేపటికి, నువ్వు వేసుకోమంటే వేసుకుంటా భయ్యా, మా అబ్బాకి మాత్రం ఆ మ్యాచ్ ఉందని చెప్పను అన్నాడు. నాకు అది చాలు. ఆ జెర్సీ మేం వేసుకోవట్లేదు, మైకులోనూ స్పాన్సర్ రాసిచ్చింది చదవను. సిద్దిపేట తమ్ముడూ, నీ మాట మాత్రం వదల్లేదు. మా టీమ్‌లో నల్గొండ కుర్రాడొకడున్నాడు, వాళ్ల ఇంటి కథా నీలాంటిదే, నేను కాదన్నందుకు వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. వాడితో కూడా ఇలాగే కూర్చోవాలి. లీడర్‌కి ఫోన్ చేసి చెప్పేశాను, బ్యాగులు కూడా పోయినట్టే. మలక్‌పేట, సైదాబాద్ వైపు వెనక పేరు, నంబరు మాత్రమే వేసి తక్కువలో జెర్సీలు ప్రింట్ చేసేవాళ్లు తెలిస్తే ఇక్కడే రాయండి, పద్నాలుగు కావాలి.