నల్లజాతీయుల బ్యాంకులో డిపాజిట్, పదిమంది ఇన్వెస్ట్‌మెంట్ క్లబ్: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న: అమెరికాలో, అట్లాంటాలో ఉంటున్నాం. నల్లజాతీయుల బ్యాంకులో 20,000 డాలర్లు వేయాలనుకుంటున్నాం. వాళ్ళలోని మిత్రులతో కలిసి పదిమందిమి నెలకు తలా 100 డాలర్లు వేసుకుని షేర్లు కొనే క్లబ్ కూడా పెట్టాలని ఉంది. బ్యాంకు నిజంగా వాళ్ళదేనని ఎలా తెలుస్తుంది? సొమ్ముకు భద్రత ఉంటుందా? క్లబ్ అంటే మన చీటీలాంటిదేనా?

జవాబు 1: మీ ఊళ్ళోనే సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంక్ ఉందండీ, 1921 నుంచి. మిగతా వాటికి, డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఐసీ సైట్‌లో మైనారిటీ బ్యాంకుల జాబితా చూడండి. ఓటింగ్ షేర్లలో కనీసం 51 శాతం మైనారిటీలవైతే జాబితాలో చేరుస్తారు. బోర్డులో వాళ్ళే ఎక్కువుండి, బ్యాంకు సేవలందించే ప్రాంతంలోనూ ఎక్కువగా మైనారిటీలే అయినా చేరుస్తారు. అందుకని యాజమాన్యం ఎవరిదో విడిగా అడగండి.

ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా బీమా ఉంటుంది. 1874లో ఫ్రీడ్‌మెన్స్ బ్యాంక్ మూతపడినప్పుడు ఈ బీమా లేదు, బానిసత్వం నుంచి బయటపడినవారి కష్టార్జితంలో చాలా సొమ్ము పోయింది. వాళ్ళ పెద్దవాళ్ళలో బ్యాంకులంటే అనుమానం కనిపిస్తే తప్పుపట్టకండి.

సాయం చేయాలనుకుంటే 100 డాలర్ల చెకింగ్ ఖాతా కంటే ఏడాది సీడీ (గడువున్న డిపాజిట్) మేలు. చిన్న ఖాతా నిర్వహణకే బ్యాంకుకు ఖర్చవుతుంది. గడువున్న డిపాజిట్‌నైతే ధైర్యంగా ఇళ్ళకూ, చిన్న వ్యాపారాలకూ అప్పివ్వగలదు. గడువుకు ముందే తీస్తే జరిమానా ఉంటుంది, అత్యవసర డబ్బు అందులో వేయకండి.

జవాబు 2: చీటీ కాదండీ. పాట ఉండదు, లాభానికి హామీ ఉండదు. ముందు భాగస్వామ్య ఒప్పందం రాసుకోండి. తర్వాత పన్నుల శాఖ ఐఆర్ఎస్ సైట్‌లో క్లబ్‌కు ఈఐఎన్ అనే పన్ను గుర్తింపు సంఖ్య తీసుకోండి, ఉచితమే. దానితో క్లబ్ పేరునే బ్యాంకు ఖాతా, షేర్లు కొనే బ్రోకరేజ్ ఖాతా తెరవండి. బ్యాంకు ఖాతా పైన చెప్పిన బ్యాంకులోనే పెట్టుకోవచ్చు.

లెక్క యూనిట్లలో వేయండి. మొదటి నెల 1,000 డాలర్లు, యూనిట్ 10 చొప్పున 100 యూనిట్లు. షేర్లు పెరిగి అది 1,200 అయితే యూనిట్ విలువ 12. అప్పుడు వేసే 100 డాలర్లకు 8.33 యూనిట్లే వస్తాయి. ఇలా చేయకపోతే ఆలస్యంగా చేరినవాళ్ళకు కూడా పాతవాళ్ళ లాభంలో వాటా దక్కుతుంది. గొడవలన్నీ ఇక్కడే పుడతాయి. బయటికి వెళ్ళేవారికి ఎన్ని రోజుల్లో చెల్లిస్తారో కూడా మొదటే రాసుకోండి.

జవాబు 3: డబ్బు ఒకరి సొంత ఖాతాలో మాత్రం వేయకండి. లాభాలు చూపే పన్ను పత్రం 1099 ఆయన పేరున వస్తుంది, పన్నూ ఆయన నెత్తినే పడుతుంది. క్లబ్ తరఫున మార్చి 15లోగా భాగస్వామ్యాల పన్ను రిటర్న్ 1065 దాఖలు చేసి, ఎవరి వాటా ఎంతో చూపే కే-1 పత్రం అందరికీ ఇవ్వాలి. ఆలస్యమైతే జరిమానా నెలకింత చొప్పున, సభ్యుల సంఖ్యతో గుణించి వేస్తారు. ఏ షేరు కొనాలో నిర్ణయంలో పదిమందీ పాల్గొనాలి. కొందరు డబ్బిచ్చి ఊరుకుంటే వాళ్ళ వాటా చట్టం దృష్టిలో షేరులాంటి పెట్టుబడి (సెక్యూరిటీ) కిందికి రావచ్చు, అప్పుడు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ నిబంధనలు వర్తిస్తాయి. ప్రతి సమావేశానికీ మినిట్స్ రాయండి, ఎవరు ఎటు ఓటేశారో అందులో ఉండాలి.