పాములు పట్టే శిక్షణ, ధ్రువపత్రం గురించి సలహా కావాలి

గుంటూరు జిల్లాలో ఉండే మా తమ్ముడు ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి వదిలిపెడుతుంటాడు గానీ, అతని వద్ద అధికారిక ధ్రువపత్రం ఏదీ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నాగుపాము, రక్తపింజర వంటి వాటిని అనుమతి లేకుండా పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది కాబట్టి, అతని ప్రాణం గురించే కాక కేసుల గురించీ నాకు బెంగగా ఉంది.

కేరళ అటవీశాఖ కొక్కెం, గొట్టం, సంచి సాయంతో, పామును చేత్తో తాకకుండా పట్టే పద్ధతి నేర్పి ధ్రువపత్రాలు ఇస్తోంది. వీడియోల కోసం పాములను ఆడించే వారున్న ఈ రోజుల్లో అదే సరైన మార్గమని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటి శిక్షణ ఎవరు ఇస్తారు? అనుమతికి జిల్లా అటవీ అధికారిని కలవాలా, లేక ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికే దరఖాస్తు పంపాలా? ఈ దారిలో వెళ్లి అనుమతి పొందినవారు దయచేసి వివరాలు తెలియజేయగలరు.