అప్‌డేట్: జపాన్ రగ్బీలో ఏ స్థాయి చూడాలని అడిగాను కదా

జాతీయ జట్టా, క్లబ్బులా, స్కూళ్ళా, ఏది చూడాలని అప్పట్లో అడిగాను. 2024 ఏడాదంతా మూడూ ఫాలో అయ్యాక రాస్తున్నాను.

జాతీయ జట్టు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఎడ్డీ జోన్స్ కోచ్‌గా తిరిగొచ్చారు, కుర్రాళ్ళకు అవకాశాలిచ్చారు. అయినా అక్టోబర్‌లో యోకోహామాలో న్యూజిలాండ్ చేతిలో 19-64. టీవీ కట్టేద్దామనిపించింది.

అసలు మజా క్లబ్బులదే. జపాన్ టాప్ క్లబ్ లీగ్ అయిన లీగ్ వన్ రెగ్యులర్ సీజన్లో సైతామా వైల్డ్ నైట్స్ పదహారుకు పదహారూ గెలిచింది. మే 26న టోక్యో నేషనల్ స్టేడియంలో బ్రేవ్ లూపస్ క్లబ్‌తో ఫైనల్, 56 వేలకు పైగా జనం. చివర్లో వైల్డ్ నైట్స్ ట్రై కొట్టింది (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకు ఆనించడం), కానీ అంతకుముందు ఫార్వర్డ్ పాస్ (బంతిని చేత్తో ముందుకు విసరడం, రగ్బీలో అది తప్పు) పడిందని రద్దు చేశారు. ఒకటే టెన్షన్! 24-20తో కప్పు బ్రేవ్ లూపస్‌ది. వాళ్ళ కెప్టెన్ మైకేల్ లీచ్, ఆట నడిపించే పదో నంబర్ రిచీ మౌంగా.

స్కూళ్ళ టోర్నీ చూడమన్నవాళ్ళకు థ్యాంక్స్. ఒసాకా పక్కన హనజోనోలో డిసెంబర్ 27న మొదలై జనవరిలో ముగుస్తుంది. 2024 జనవరి ఫైనల్లో తోయిన్ గాకుయెన్ 8-5తో హిగాషి ఫుకువోకాను ఓడించింది. అంత తక్కువ స్కోరు బోర్ అనుకోకండి, డిఫెన్స్ అదిరింది. నా ఓటు లీగ్ వన్‌కే, సెలవుల్లో మాత్రం హనజోనో.