తేజ ధర అడిగితే తాలు ధర వచ్చింది: కోడింగ్ రానివాడు ఆ గడిని ఎలా చూపించాలి?

యార్డు గుమాస్తా:
నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమాస్తాని. సాయంత్రం మా రైతుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ధరలు పెట్టాలి. అవి ఒక వెబ్‌సైట్‌లో పట్టికగా వస్తాయి. రోజూ చూసి రాయలేక, ఏదో వీడియో చూసి, తేజ రకం మిర్చి ధర మీద రైట్ క్లిక్ కొట్టి, ఇన్‌స్పెక్ట్‌లో (పేజీ వెనకున్న కోడ్ చూపే చోటు) కాపీ ఎక్స్‌పాత్ నొక్కి, వెబ్ పేజీ నుంచి ధర తెచ్చే ఇంపోర్ట్‌ఎక్స్‌ఎమ్ఎల్ ఫార్ములాలో, గూగుల్ షీట్‌లో పెట్టాను. 10 రోజులు బ్రహ్మాండంగా నడిచింది.

మొన్న బ్యాడిగి రకం సరుకు రాలేదు. పట్టికలో ఆ వరుసే లేదు. కింది వరుసలన్నీ పైకి జరిగి, తేజ ఉండాల్సిన చోట తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ధర కూర్చుంది. నేను చూడకుండా పంపేశా. రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైన ఫోన్లు 11 దాకా ఆగలేదు. "40 టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీ ఎక్కించాను, దించేయమంటావా?" అని ఒకాయన. మా షావుకారు నాతో ఇంకా మాట్లాడట్లేదు.

నేను చదివింది బీకాం. మామూలు మాటల్లో చెబితే ఏఐ ఆ ఫార్ములా రాసిస్తుందట. ఏమని చెప్పాలి?

టెస్టింగ్ అక్క:
తమ్ముడూ, కాపీ ఎక్స్‌పాత్ ఇచ్చేది "మూడో వరుస, ఐదో గడి" లాంటి చిరునామా. మనూళ్లో ఇల్లు అలా చెబుతామా? వేపచెట్టు ఉన్న ఇల్లు అంటాం. నీ పట్టికలో వేపచెట్టు "తేజ" అన్న మాట.

ఇన్‌స్పెక్ట్‌లో టేబుల్ అన్న ముక్క మీద రైట్ క్లిక్ కొట్టి, కాపీలో అవుటర్ హెచ్‌టీఎమ్ఎల్ (ఆ పట్టిక కోడ్ మొత్తం) తీసుకో. దాన్ని చాట్‌బాట్‌లో అతికించి ఇలా రాయి: "రకం కాలమ్‌లో తేజ అని ఉన్న వరుసలో, గరిష్ఠ ధర శీర్షిక కింద ఉన్న గడి కావాలి. వరుస నంబరు వాడొద్దు. గూగుల్ షీట్‌కి ఎక్స్‌పాత్ ఇవ్వు." ఆ ముక్క పెట్టకుండా అడిగావో, పేజీని ఊహించుకుని రాస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, పనిచేయదు. సీఎస్ఎస్ సెలెక్టర్ (గడిని చూపే ఇంకో పద్ధతి) ఇస్తే వద్దను, గడిలోని అక్షరాలను బట్టి వెతకడం దానికి రాదు.

షీట్‌లో పెట్టేముందు ఇన్‌స్పెక్ట్‌లోని ఎలిమెంట్స్‌లో కంట్రోల్ ఎఫ్ కొట్టి, అది ఇచ్చిన ఎక్స్‌పాత్‌ని అక్కడ అతికించు. ఎన్ని దొరికాయో క్రోమ్ పక్కనే చూపిస్తుంది. ఒక్కటే రావాలి. తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇప్పటికీ ఆ అంకె చూడందే ముందుకెళ్లను.

నైట్‌షిఫ్ట్:
కొన్ని పేజీల్లో ధరలు, పేజీ తెరిచాక, జావాస్క్రిప్ట్ అనే కోడ్‌తో తర్వాత వచ్చి చేరతాయి. అవి షీట్‌కి కనబడవు. కంట్రోల్ యూ కొడితే పేజీ అసలు కోడ్ వస్తుంది, అందులో ధర వెతికితే తెలిసిపోతుంది. మీకు 10 రోజులు వచ్చిందంటే ఆ బాధ లేనట్టే. ఇంకోటి, షీట్ తెరిచి ఉన్నా ఆ ఫార్ములా గంటకోసారే మళ్లీ తెస్తుంది. పాత ధర పంపేరు, జాగ్రత్త.

మిరప చేను:
చూసి రాసుకుంటే రెండు నిమిషాల పని కదన్నా!

యార్డు గుమాస్తా:
రెండు నిమిషాలే తమ్ముడూ, కాటా చీటీలు, బిల్లులు నెత్తిన కూర్చునే వేళ కాకపోతే.

అక్కా, నువ్వు చెప్పినట్టే చేశా. రెండు దొరికాయి: తేజ, తేజ తాలు. "తేజ అని ఉన్న" అన్నాం కదా, ఆ మాట ఉన్న ప్రతి గడినీ పట్టుకొచ్చింది. సరే, "గడిలో తేజ మాత్రమే ఉండాలి" అన్నా. ఈసారి సున్నా!

టెస్టింగ్ అక్క:
ఆ పేజీ రాసినవాళ్లు తేజ అన్న మాటకి ముందో వెనకో ఖాళీ వదిలి ఉంటారు. మన కంటికి కనబడదు, పోల్చేటప్పుడు తేడా కొడుతుంది. "ముందూ వెనకా ఖాళీలు తీసేసి పోల్చు" అని ఒక్క మాట చేర్చు.

యార్డు గుమాస్తా:
ఒక్కటే వచ్చింది! మిగతా రకాలకి పేరు మార్చి వాడుకున్నా. బ్యాడిగి లేని రోజున గడిలో ఎర్రర్ వస్తోంది. దాని బదులు "సరుకు రాలేదు" అని పడేలా చేయమని అడిగా.

టెస్టింగ్ అక్క:
అలా పెట్టకు. వెబ్‌సైట్ పనిచేయకపోయినా అదే ఎర్రర్ వస్తుంది. యార్డులో సరుకుండగా రాలేదని పంపితే మళ్లీ ఫోన్లే. "ధర అందలేదు" అని పెట్టు.

యార్డు గుమాస్తా:
మార్చేశా. షావుకారు గారికి షీట్ చూపించా. "రేపట్నుంచి పంపేముందు నాకు చూపించు" అన్నారు. మాట్లాడారు, అది చాలు.