వెనక నుంచి లారీ ఢీకొట్టిన కారు: బీమా క్లెయిమ్, మరమ్మతు, రాజీ గురించి సలహా కావాలి

ప్రశ్న (కావలి నుంచి)

అందరికీ నమస్కారం. గత వారం ఒంగోలు నుంచి కావలికి వస్తుండగా, ఉలవపాడు సమీపంలో ముందు వెళ్తున్న ట్రాక్టరు ఒక్కసారిగా నెమ్మదించడంతో నేను బ్రేకు వేశాను. వెనక వస్తున్న లారీ మా కారును బలంగా ఢీకొట్టగా, కారు ముందుకు జరిగి ట్రాక్టరు ట్రాలీకి గుద్దుకుంది. వెనక సీట్లో ఉన్న మా అమ్మగారి మణికట్టు ఎముక విరిగి, సిమెంటు కట్టు వేయవలసి వచ్చింది. కారు నాన్నగారి పేరున ఉంది. అది ఆరో ఏడు నడుస్తున్న 1,200 సీసీ పెట్రోలు బండి. సమగ్ర బీమా ఉంది కానీ జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి తరుగుదల కోయకుండా చెల్లించే అదనపు రక్షణ) లేదు. పాలసీలో రాసిన విలువ 3,20,000 రూపాయలు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 50 శాతానికి చేరింది.

నెల్లూరులోని కంపెనీ సర్వీసు సెంటరు వారు 1,85,000 రూపాయల ఎస్టిమేటు ఇచ్చి, బీమా నుంచి సగమే వస్తుందని చెబుతున్నారు. లారీ యజమాని మాత్రం 15,000 ఇస్తాను, పోలీసు కేసు వద్దని కబురు పంపారు. బోనస్ పోగొట్టుకుని క్లెయిమ్ చేయడం మేలా, ఆ డబ్బు తీసుకుని తెలిసిన షెడ్డులో చేయించుకోవడం మేలా అన్నది తేల్చుకోలేకపోతున్నాము. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (నెల్లూరు, మోటారు క్లెయిముల విభాగంలో పనిచేసి విరమించాను)

ముందుగా మీ అమ్మగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను. "సగమే వస్తుంది" అనే మాటను లెక్క వేయకుండా నమ్మవద్దు. ఎస్టిమేటును ఇనుప భాగాలు, ప్లాస్టిక్ భాగాలు, అద్దాలు, కూలీ, రంగు అని విడదీసి రాయించుకోండి, ఎందుకంటే తరుగుదల ఒక్కోదానికి ఒక్కో రకంగా ఉంటుంది. ఐదేళ్లు దాటి పదేళ్లు నిండని బండికి లోహ భాగాలపై 40 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలపై 50 శాతం తగ్గిస్తారు. అద్దాలకు తరుగు లేదు, కూలీకీ లేదు. రంగు బిల్లు మొత్తంగా ఇస్తే, అందులో నాలుగో వంతును సామగ్రి ఖర్చుగా తీసుకుని దానిలో సగం మాత్రమే కోస్తారు.

ఉదాహరణకు మీ 1,85,000లో ఇనుప భాగాలు 60,000, బంపర్లు, లైట్ల వంటి ప్లాస్టిక్ 40,000, వెనక అద్దం 10,000, రంగు 32,000, మిగిలిన 43,000 కూలీ అనుకుందాం. కోత వరుసగా 24,000, 20,000, సున్నా, 4,000, సున్నా అవుతుంది. 1,500 సీసీ వరకు ఉన్న కార్లకు తప్పనిసరి మినహాయింపు 1,000 కలిపితే మీ చేతి నుంచి పడేది 49,000, కంపెనీ ఇచ్చేది సుమారు 1,36,000. విప్పిన పాత ఇనుముకు కొంత విలువ కట్టి తగ్గించవచ్చు. అయినా ఇది సగం కంటే చాలా ఎక్కువ.

బోనస్ సంగతి చూద్దాం. తగ్గింపుకు ముందు సొంత నష్టం ప్రీమియం (మీ బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగం) ఏటా 9,000 అనుకుంటే, ఇప్పుడు మీరు కట్టేది 4,500. క్లెయిమ్ తరువాత తగ్గింపు సున్నా నుంచి మొదలై 20, 25, 35, 45 శాతాల మీదుగా తిరిగి 50కి వస్తుంది. ఆ సంవత్సరాలన్నిటిలో మీరు అదనంగా కట్టేది మొత్తం మీద 11,250. లక్షకు పైగా వచ్చే క్లెయిమును దీని కోసం వదులుకోవడం సరికాదు. చిన్న గీతలకు, సొట్టలకు క్లెయిమ్ వద్దని నేను అందరికీ చెబుతాను కానీ మీది అలాంటిది కాదు.

బీమా కంపెనీకి ఇంకా తెలియజేయకపోతే ఈ రోజే తెలియజేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. 50,000 దాటిన మోటారు నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయరే (నష్టాన్ని అంచనా వేసే నిపుణుడే) పరిశీలించాలి. 2024లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 24 గంటల్లో సర్వేయరును కేటాయించాలి, 15 రోజుల్లో ఆయన నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. మరమ్మతు ఖర్చు పాలసీ విలువలో 75 శాతం, అంటే మీ విషయంలో 2,40,000 దాటితే బండిని పూర్తి నష్టంగా పరిగణిస్తారు. విప్పిన తరువాత అంకె ఎటు పోతుందో గమనిస్తూ ఉండండి.

సమాధానం 2 (ఒంగోలు, టింకరింగ్ షెడ్డు నడుపుతున్నాను)

పెద్దాయన డబ్బు లెక్క చెప్పారు, నేను బండి లెక్క చెబుతాను. ముందు భాగం కూడా దెబ్బతిన్నది కనుక దయచేసి ఇంజను స్టార్టు చేయవద్దు. రేడియేటరు పగిలి నీళ్లు పోయిన బండిని నాలుగు కిలోమీటర్లు నడిపినా ఇంజను పట్టేస్తుంది. అది ప్రమాదం వల్ల కాక తరువాత నడపడం వల్ల జరిగిందని కంపెనీ ఆ ఖర్చును తోసిపుచ్చుతుంది. బండిని లాగించుకునే తీసుకువెళ్లండి.

సర్వేయరు చూడకముందు ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి. ఆయన మొదటిసారి చూసినప్పుడు పైకి కనిపించేదే రాస్తారు. వెనక బంపరు తీశాక దాని లోపలి ఇనుప కడ్డీ వంగిందా, డిక్కీ కింది రేకు ముడుచుకుందా, ముందు ఏసీ కండెన్సరు చిల్లు పడిందా అన్నది అప్పుడే తెలుస్తుంది. అప్పుడు పని ఆపించి, అదనపు ఎస్టిమేటు పెట్టించి, ఆయనను మళ్లీ పిలిపించాలి. ఆయన చూడకుండా మార్చిన భాగానికి తరువాత డబ్బు రాదు. తీసిన భాగాలన్నీ బిల్లు పాసయ్యేవరకు షెడ్డులోనే ఉంచమని చెప్పండి, చివరి తనిఖీలో వాటిని అడుగుతారు.

ఎక్కడ చేయించాలన్నది మీ ఇష్టం. బీమా కంపెనీతో ఒప్పందం ఉన్న చోట నగదు రహితంగా జరుగుతుంది, మీ వాటా మాత్రం కడితే చాలు. తెలిసిన షెడ్డులో అయితే మొత్తం మీరు కట్టి, జీఎస్టీ బిల్లులతో తిరిగి రాబట్టుకోవాలి. నేను షెడ్డు నడిపేవాణ్నే అయినా ఒక మాట నిజాయితీగా చెబుతాను: రెండు వైపులా గుద్దుకున్న బండికి ఛాసిస్ కొలతలు యంత్రంపై చూడగలిగిన చోటే చేయించండి. ఛాసిస్ వంకర తీయకుండా పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే బండి కొత్తగా కనిపిస్తుంది కానీ హైవే మీద ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది, టైర్లు ఒక అంచున అరిగిపోతాయి.

సమాధానం 3 (ఒంగోలు, న్యాయవాదిని)

ఆ 15,000 తీసుకోవద్దు, ఏ కాగితంపైనా సంతకం చేయవద్దు. మీకు నష్టం చెల్లించిన బీమా కంపెనీకి ఆ మొత్తాన్ని లారీ పక్షం నుంచి రాబట్టుకునే హక్కు ఉంటుంది. మీరు రాజీ రాసి ఇస్తే ఆ హక్కు దెబ్బతింటుంది, దాన్ని కారణంగా చూపి మీ క్లెయిమును కూడా ప్రశ్నించవచ్చు.

నాకు అంతకంటే ముఖ్యంగా కనిపిస్తున్నది మీ అమ్మగారి గాయం. మీ పాలసీలోని 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా యజమాని బండి నడుపుతున్నప్పుడు మరణానికి, శాశ్వత వైకల్యానికి వర్తించేది, పక్కన ప్రయాణించేవారి ఎముక విరిగితే దాని నుంచి ఏమీ రాదు. ఆమె పరిహారం లారీ థర్డ్ పార్టీ బీమా నుంచి రావాలి. అందుకు ప్రమాద స్థలం పరిధిలోని పోలీసుస్టేషనులో ఆలస్యం చేయకుండా ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ ప్రతి తీసుకోండి, ఆసుపత్రి రికార్డులు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు జాగ్రత్త చేయండి. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను కింద ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారాలు తేల్చే న్యాయస్థానంలో) దరఖాస్తు ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు వేయాలన్న గడువు 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. మీ బీమా చెల్లించని తరుగుదల భాగాన్ని కూడా అక్కడ కోరవచ్చు కానీ ఒకే నష్టానికి రెండు చోట్ల పరిహారం ఇవ్వరు. లారీకి బీమా ఉన్నదీ లేనిదీ రిజిస్ట్రేషను నంబరుతో పరివాహన్ అనే ప్రభుత్వ రవాణా వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

కావలి నుంచి మళ్లీ

మీ ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. క్లెయిమ్ చేయాలనీ, రాజీ వద్దనీ ఇంట్లో అందరం నిర్ణయించుకున్నాము. ఫిర్యాదు ఇచ్చాము, ఎఫ్‌ఐఆర్ నమోదైంది. ఇంకొక్క సందేహం: సర్వేయరు ఏదైనా భాగాన్ని పాత దెబ్బ అని తీసివేస్తే ఏమి చేయాలి?

సమాధానం 1 (నెల్లూరు)

కారణాన్ని రాతపూర్వకంగా అడగండి, సర్వే నివేదిక ప్రతి కోరండి. మొదటి రోజు తీసిన ఫొటోలు, చివరి సర్వీసు బిల్లు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. వారు ఒప్పుకోకపోయినా, నెల రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా మన రాష్ట్రానికి హైదరాబాదులో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ (బీమా వివాదాలు పరిష్కరించే అధికారి) కార్యాలయానికి ఏడాదిలోపు వెళ్లవచ్చు. 50 లక్షల వరకు వివాదాలను అక్కడ రుసుము లేకుండా వింటారు, వకీలు అవసరం లేదు. వినియోగదారుల కమిషనులో కేసు వేస్తే మాత్రం అదే విషయంపై అంబుడ్స్‌మన్ వినరు కనుక ముందుగా అంబుడ్స్‌మన్ వద్దకే వెళ్లండి. ఈలోగా "పూర్తి, తుది పరిష్కారం" అని ముద్రించిన వోచరుపై సంతకం అడిగితే, అభ్యంతరంతో స్వీకరిస్తున్నానని మీ చేతితో రాసి, ఆ కాగితం ఫొటో తీసుకున్న తరువాతే సంతకం చేయండి.